బల్బు వెలుతురులో కనిపించని పసుపు

పసుపు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నాందేడ్‌లో ఉంటూ పసుపు చూడకుండా బతకడం అయ్యే పని కాదని తెలుసు. ఎండలు ముదిరితే మోండా బజారులో బస్తాలకు బస్తాలు దిగుతాయి, ఆ దారిన వెళ్తే ముక్కు ఘాటెక్కిపోతుంది. చలికాలంలో మా కాలనీ మరాఠీ ఆడవాళ్లు హల్దీకుంకూ పేరంటానికి పిలుస్తారు. వెళ్తాను, కుంకుమ పెట్టించుకుంటాను, పసుపు దగ్గరికి వచ్చేసరికి మొహం వెనక్కి తీసుకుంటాను. కొత్తగా వచ్చినవాళ్లు అదోలా చూస్తారు. పాతవాళ్లకు సంగతి తెలుసు కాబట్టి ఊరుకుంటారు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నా కూతురికి పదకొండేళ్లు నిండాయి. దానికి మాట వినపడదు. శబ్దం చేరుతుంది, కుక్కర్ కూత వేస్తే తల తిప్పుతుంది, కానీ మాట మాటలా చేరదు. చెవి నుంచి మెదడుకు పోయే నరం దెబ్బతిన్నది. పుట్టిన మొదటి వారంలోనే దెబ్బతిన్నది. అలా జరగాల్సిన అవసరం ఏమీ లేదు. ఆ మాట ఇన్నేళ్లలో ఎందరి దగ్గరో అన్నాను, అందరూ తలరాత అని సర్దిచెప్పారు. తలరాతా లేదు, తోకరాతా లేదు. మనుషులు చేసిందే.

నాకు కాంతి గురించి మొదట చెప్పింది మా నాన్న, బాపు. బిలోలిలో జిల్లా పరిషత్ బడిలో సైన్సు మాస్టరు. బడిలో మరాఠీలో చెప్పేవాడు, ఇంటికొచ్చి అదే పాఠం నాకు తెలుగులో చెప్పేవాడు. చాక్లెట్‌కు చుట్టిన ఎర్ర కాగితం నా కంటికి అడ్డం పెట్టి, చేనుగట్టు మీది మొక్కను చూపించాడు ఒకసారి. పచ్చటి ఆకు నల్లగా కనిపించింది. భయపడి కాగితం తీసేశాను. అప్పుడు చెప్పాడు: ఎండలో అన్ని రంగులూ ఉంటాయి, వస్తువు తనకు కావలసింది మింగి మిగిలింది వదిలేస్తుంది, ఆ వదిలేసిందే మనకు దాని రంగు. ఆకు వదిలింది పచ్చ, కాగితం పోనిచ్చేది ఎరుపు, మరి నీ కంటిదాకా వచ్చేదేముంది అని అడిగాడు. ఏమీ లేదు అన్నాను. భుజం తట్టాడు. ఆ తట్టుతోనే నేను ఎమ్మెస్సీ దాకా వెళ్లాను.

ఎమ్మెస్సీ నాందేడ్‌లోనే. చివరి ఏడాది ప్రాజెక్టుకు నేను తీసుకున్నది, నా ఖర్మ కాకపోతే, పసుపే. మా పొలాల్లో పండేది, చేతికి అందేది. దాన్ని స్పిరిట్‌లో కరిగించి గాజు పాత్రలో పోసి యంత్రంలో పెడితే, ఒక్కో రంగు కాంతిని వరసగా దాని గుండా పంపి, ఎంత వెళ్లిందీ, ఎంత బయటికి వచ్చిందీ కొలుస్తుంది. తేడా అంతా పసుపు మింగిందన్నమాట. అణువులో ఎలక్ట్రాన్లకు మెట్లు ఉంటాయి. కింది మెట్టుకూ పై మెట్టుకూ మధ్య ఎంత ఎడముందో అంత శక్తి తెచ్చిన కాంతినే అది తీసుకుంటుంది. మిగతాదాన్ని దారిన పోనిస్తుంది. ఒంటరి అణువైతే సన్నని గీత వస్తుంది. ద్రవంలో అణువులు ఊగుతూ పక్కవాటిని రాసుకుంటూ ఉంటాయి కాబట్టి గీత కాస్తా పరుచుకుని గుట్టలా వస్తుంది. పసుపు గుట్ట నీలానికీ ఊదాకూ నడుమ, నాలుగు వందల పాతిక నానోమీటర్ల దగ్గర లేచింది. మా గైడ్ మేడమ్ పుస్తకంలో ఇంకో పేజీ తిప్పి బిలిరుబిన్ గీత చూపించింది. ఒంట్లో ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు తయారయ్యే పదార్థం, కామెర్లప్పుడు మనిషిని పచ్చబరిచేది అదే. దాని గుట్ట కొంచెం పక్కకు జరిగి నీలంలో ఉంది. రెండూ మింగేది నీలాన్నే, అందుకే కంటికి రెండూ ఒకటే పసుపు. యంత్రానికి మాత్రం వేరువేరు. ఇదంతా నేను వైవాలో గడగడా చెప్పి మంచి మార్కులు తెచ్చుకున్నాను.

కాన్పుకు పుట్టింటికి వెళ్లాను. మర్ఖేల్ దగ్గర మా ఊరు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇల్లు నడిపేది మేనత్త, బాపు అక్క. మొగుడు పోయి తమ్ముడింటికి చేరిన మనిషి, తమ్ముణ్ణి పెంచి, తన గాజులమ్మి డీఎడ్ చదివించిన మనిషి. ఆమె ముందు బాపు ఎప్పుడూ గొంతు ఎత్తి ఎరగడు. కాన్పు దెగ్లూర్ సర్కారు దవాఖానాలో సుఖంగానే అయింది. ఇంటికి పంపేటప్పుడు నర్సు మరాఠీలో రెండుసార్లు చెప్పింది, బిడ్డ పచ్చబడితే ఆలస్యం చేయకుండా తీసుకురమ్మని. నేను తలూపాను, పక్కన బాపు కూడా తలూపాడు.

ఇంటికి వచ్చాక పురుటి గది. లోపలి గది, కిటికీ లేదు. గుమ్మానికి వేపమండలు, మంచం కింద కొడవలి. పదకొండో రోజు స్నానాలయ్యేదాకా తల్లి గది గడప, బిడ్డ ఇంటి వాకిలి దాటకూడదు, దవాఖానా కోసమైనా సరే. అత్తకు ఇది ఉత్త ఆచారం కాదు. ఆమె మొదటి బిడ్డను పురుట్లోనే బయటికి తీసుకెళ్తే బండిలోనే ప్రాణం పోయిందట. అది ఆమె ఎప్పుడూ చెప్పుకోదు, పని మాత్రం ఆ భయంతోనే చేస్తుంది. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. నా కడుపు రగిలేది ఆమె మీద కాదు.

రోజూ పొద్దున్నే నీళ్లు పోసే ముసలమ్మ వచ్చేది. బిడ్డను మాత్రం వాకిట్లోకి తీసుకెళ్లి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నువ్వుల నూనె, శనగపిండి, పసుపు కలిపి ఒళ్లంతా నలుగు పెట్టేది. మా సరిహద్దు ఊళ్లలో ఇది లేని పురుడు లేదు. బిడ్డ తిరిగి నా పక్కలోకి వచ్చేసరికి నెత్తి నుంచి అరికాలి దాకా పసుపు ముద్ద. కడిగినా ఆ మరక పోదు, పైగా మర్నాడు మళ్లీ రుద్దుతారు. మూడో నాడో నాలుగో నాడో బిడ్డ పాలు తాగడం తగ్గించింది. చెంప గిల్లినా లేవదు, రెండు గుక్కలు తాగి నిద్రపోతుంది. నాకు అనుమానం వచ్చింది. కామెర్లేమో అన్నాను. అత్త నవ్వింది.

"దినాం పసుపు రుద్దితె పిల్ల పచ్చగ గాక నల్లగయితదా?"

మాట బాగుంది కదా. వాకిట్లో ముసలమ్మ కూడా నవ్వింది.

నేను బల్బు కిందికి బిడ్డను తెచ్చుకుని చూశాను. పాతకాలపు తీగ బల్బు, అదీ సరిగా వెలగని కరెంటు. తీగ కాలి వచ్చే వెలుతురులో ఎరుపూ పసుపే ఎక్కువ, నీలం ఉండీ లేనట్టు ఉంటుంది. పసుపైనా బిలిరుబిన్ అయినా చేసే పని నీలాన్ని మింగడం. మింగడానికి నీలమే లేని చోట ఏది ఎంత మింగిందో ఎట్లా తెలుస్తుంది? దుప్పటి పచ్చగా ఉంది, గోడ పచ్చగా ఉంది, నా అరచెయ్యి బిడ్డ పాదం పక్కన పెడితే రెండూ ఒకటే రంగు. కళ్లు తెరిచి చూద్దామంటే మూసుకునే ఉంది, రెప్ప లాగితే తెల్లగుడ్డు కూడా ఆ వెలుతురులో దుప్పటి రంగులోనే ఉంది. పిచ్చెక్కినట్టయింది. ఫిజిక్స్ అంతా తెలిసి, ఆ గదిలో గుడ్డిదాన్నయి కూర్చున్నాను.

అప్పుడు బాపును పిలిచాను. గడప అవతల నిలబడ్డాడు, పురుటి గదిలోకి మగవాళ్లు రారు. నేను చెప్పిన మాట ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"బాపూ, రేపు తానం వోసేటప్పుడు ఎండల కండ్లు తెర్సి సూడు. పసుపు తోలుకు అంటుతది గని కంటి తెల్లగుడ్డుకు అంటది. అది పచ్చగుంటె కామెర్లే. ఒకవేళ ఉంటె ఎవల్ని అడగకు, దెగ్లూర్ తీస్కపో."

సరే అన్నాడు. మర్నాడు స్నానమయ్యాక బిడ్డను అత్త లోపలికి తెచ్చింది. వెనకాల బాపు వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"సూసిన బిడ్డా. పసుపే. రంది వెట్టుకోకు."

నేను రంది పెట్టుకోలేదు. అమ్మయ్య అనుకున్నాను. నాకు ఆకును నల్లగా చేసి చూపించిన మనిషి చెప్పాడు, ఇంక అనుమానమేముంది? ముద్ఖేడ్ రైల్వే స్టేషన్‌లో డ్యూటీలో ఉన్న మా ఆయనకు ఫోన్ చేశాను. ఆయన మొదట అడిగింది, మామ ఏమన్నాడని. పసుపే అన్నాడని చెప్పాను. అయితే ఫరవా లేదు అన్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

ఆ తర్వాత మా ఆయనకు సెలవు దొరికి ఊరికి వచ్చేసరికి బిడ్డ ఏడుపు మారిపోయింది. సన్నగా, పైకి లాగినట్టు ఏడుస్తోంది. మెడ వెనక్కి వంచేస్తోంది. ఆయన గడప దాటి లోపలికి వచ్చి, అత్త అరుస్తున్నా వినకుండా బిడ్డను ఎత్తుకుని వాకిట్లోకి వెళ్లాడు. ఎండలో ఒక్కసారి చూశాడు, అంతే. ఎవరిదో జీపు మాట్లాడి నన్ను బాలింత చీరతోనే ఎక్కించి నాందేడ్ తెచ్చాడు. దారి పొడుగునా నేను ఏమనుకున్నానో రాయను.

నాందేడ్ దవాఖానాలో నెత్తురు తీసి చూశారు. ఆ డాక్టరు మంచివాడే, కోప్పడలేదు. పసుపు కడగమని నర్సుకు చెప్పి, కాస్త ముందు తెస్తే లైటు కింద పెట్టడంతోనే సరిపోయేదమ్మా అన్నాడు. నెత్తురు మార్చారు. తర్వాత నీలం లైట్ల కింద పడుకోబెట్టారు. ఆ లైట్లు చేసే పని నాకు తెలుసు. బిలిరుబిన్ నీళ్లలో కరగదు, అందుకే బయటికి పోలేక కొవ్వుండే చోటు వెతుక్కుంటూ మెదడులోకి దూరుతుంది. దానికి నీలం కాంతి తగిలితే ఆ శక్తిని మింగి, అణువులో ఒక ముడి మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన అణువు నీళ్లలో కలుస్తుంది, ఒంట్లోంచి వెళ్లిపోతుంది. మందు లేదు, మంత్రం లేదు. సరైన రంగు కాంతి, సరైన సమయానికి పడితే చాలు. కాంతికి ఏ ఆలస్యమూ లేదు, పడ్డ క్షణంలోనే పని చేస్తుంది. అది పడే చోటికి నా బిడ్డను చేర్చడానికే మనుషులు దొరకలేదు.

ప్రాణం దక్కింది. తొమ్మిదో నెలలో, పేరు పెట్టి పిలిస్తే చూడదని మొదట గమనించింది మా ఆయనే.

ఇక్కడ నేను చేసిన ఒక పని చెప్పాలి, చెబితే నాకే నవ్వొస్తుంది. చాలా ఏళ్లు నేను బాపును వెనకేసుకొచ్చాను. ఆయనకు అప్పటికే కళ్లలో శుక్లాలు మొదలయ్యాయి. ముసలి కంటి కటకం పచ్చబడుతుంది, పచ్చబడిన కటకం నీలాన్ని తనే మింగేస్తుంది. అలాంటి కంటితో చూస్తే తెల్లటిదీ లేత పసుపుదీ ఒకేలా ఉంటాయి. పాపం ఆయనకెలా కనపడుతుంది అని మా ఆయనతో పోట్లాడాను, బోర్డు మీద బొమ్మ గీసినట్టు చెప్పాను. నేనే దగ్గరుండి నాందేడ్‌లో ఆపరేషన్ చేయించాను, చుక్కలు వేశాను. కట్టు విప్పిన రోజు ఆయన ఆకాశం వైపు చూసి, ఇంత నీలముంటదా అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేనూ ఏడ్చాను. చూశావా, అప్పుడు కనపడలేదు ఈయనకు అని మా ఆయన వైపు గెలిచినట్టు చూశాను.

మూడేళ్ల కిందట అత్త పోయింది. దినాలకు ఊరికి వెళ్లాను. నీళ్లు పోసే ముసలమ్మ ఇంకా ఉంది, నడుం వంగిపోయింది. నా పక్కన కూర్చుని, పోయినామె గొప్పలు చెబుతూ చెబుతూ, అక్కాతమ్ముళ్లంటే వాళ్లే అంది. సారుకు అక్క మాటంటే ఎంత గురి అంటే అని మొదలుపెట్టి, నా బిడ్డ సంగతే ఎత్తింది. ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు, మెచ్చుకోలుగానే చెప్పింది.

"సారు పిల్లను ఎండల వట్టి రెండు కండ్లు తెర్సి సూసిండు బిడ్డా. పచ్చగున్నయి అక్కా, తీస్కపోతా అన్నడు. అక్క ఏడ్సింది, నా పిల్ల లెక్కనే దీని పిల్లను గూడ బండ్ల సంపుతవా అన్నది. ఇగ సారు ఒక్క మాట అనలె. పొయ్యి నీకు పసుపే అని చెప్పిండు. గసుంటి తమ్ముడు యాడ దొరుకుతడు?"

లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాను. లోపల బాపు బంధువులకు వడ్డించమని ఎవరికో చెబుతున్నాడు. కనపడింది ఆయనకు. శుక్లాల కంటికి కూడా కనపడేంత పచ్చగా ఉన్నాయన్నమాట నా బిడ్డ కళ్లు. నేను ఏళ్లకేళ్లు కూర్చి పెట్టిన నీలం కథ, కటకం కథ, అంతా నా నోట్లోనే చేదెక్కింది. చూడలేని మనిషిని క్షమించొచ్చు. చూసి, తెలిసి, గడప దగ్గర నిలబడి నా మొహం చూస్తూ అబద్ధం చెప్పిన మనిషిని ఏం చేయాలి? అడగాలనుకున్నాను. అడగలేదు. అడిగితే ఏడుస్తాడు, ఏడిస్తే నేను ఓదార్చాలి. ఆ చాకిరీ ఇంక నా వల్ల కాదనుకున్నాను. ఊరికి రావడం తగ్గించాను, ఫోన్లు తగ్గించాను. ఎందుకని ఆయన ఒక్కసారీ అడగలేదు.

ఈ ఏడు నా తమ్ముడికి కొడుకు పుట్టాడు. మరదలు దెగ్లూర్‌లోనే కన్నది. ఇంటికి తెచ్చిన మర్నాడే బాపు పిల్లాణ్ణి వెలుతురులోకి తీసుకెళ్లి కళ్లు తెరిచి చూశాడట, పచ్చగా ఉన్నాయట. ఒంటికి పసుపు అంటనివ్వలేదట. ఎవర్నీ అడగలేదు, ఏ గడపా అడ్డం రాలేదు. కారు మాట్లాడి తల్లినీ బిడ్డనూ ఎక్కించుకుని సరాసరి నాందేడ్‌కు తెచ్చి నాకు ఫోన్ చేశాడు. చేయాల్సిన పనే, సరిగ్గా చేశాడు. ఆ పిల్లాడి మీద నాకేం కోపముంటుంది, పచ్చి పసిగుడ్డు. కానీ ఆటోలో వెళ్తున్నంతసేపూ ఒకటే మాట బుర్ర తొలిచింది. అడ్డుపడేందుకు అక్క లేదు కాబట్టి తెచ్చాడా, పుట్టింది మగపిల్లాడు కాబట్టి తెచ్చాడా, నా బిడ్డను చూసి బుద్ధి తెచ్చుకున్నాడా? ఏదైనా నా కూతురికి ఒరిగేదేం లేదు.

కూతురు కూడా నాతో వచ్చింది. అద్దం అవతల పిల్లాడు కళ్లకు పట్టీ కట్టుకుని నీలం వెలుతురులో కాళ్లాడిస్తున్నాడు. బాపు వరండాలో ఎవరో కొత్తవాళ్లకు ఆ లైటు ఎట్లా పని చేస్తుందో చెబుతున్నాడు, ఒకప్పుడు నాకు చెప్పిన గొంతుతోనే. మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చి మనవరాలి తల నిమిరాడు. దానితో ఆయన మాట్లాడేది అంతవరకే. చేతుల భాష ఆయన నేర్చుకోలేదు, ఈ వయసులో నాకేం వస్తుంది అంటాడు.

అది అద్దంలోంచి చాలాసేపు చూసి నా వైపు తిరిగింది. ఈ లైటు ఎందుకని చేతులతో అడిగింది. చెప్పాను. నాకూ పెట్టారా అని అడిగింది. పెట్టారన్నాను. మరి నాకెందుకు తగ్గలేదు? ఆలస్యంగా పెట్టారని చెప్పాను. ఆలస్యం ఎవరు చేశారు అని అడిగింది.

బాపు మా చేతుల వైపే చూస్తున్నాడు.

"ఏమంటుంది బిడ్డా?"

"ఆలస్యం ఎవరు జేసిండ్రని అడుగుతుంది బాపూ. ఏం జెప్పాలె?"

అత్త పేరు చెబుతాడనుకున్నాను. చచ్చినవాళ్ల మీద వేయడం సులువు కదా. కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. నేనే అని చెప్పు, అన్నాడు. నాకు తెలుసని ఆయనకు ఎప్పటినుంచి తెలుసో మరి.

తాత, అని చెప్పాను దానికి. అది తాత వైపు చూసింది. కోపంగా కాదు, అర్థం కానట్టు చూసింది. తర్వాత తన కంటిని వేలితో చూపించి, చెయ్యి తిప్పి, తాతకు కనపడలేదా అని నన్ను అడిగింది. ఈ ఒక్క ప్రశ్నా ఆయనకు నేను చెప్పకుండానే అర్థమైంది.

"కనవడ్డది బిడ్డా," అన్నాడు, దాని మొహంలోకే చూస్తూ, దానికి వినపడదన్న సంగతి మరిచిపోయి.

అది నా చేతుల వైపు చూసింది. ఆ మాట నేనే చెప్పాను.